పదకొండు పాయింట్లు

ఆఫీసులో ఆమెను అందరూ మ్యాపులమ్మ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది ఆమె బావ. అక్క మొగుడు, అదే ఆఫీసులో సర్వేయరు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున మరదల్ని ఏడిపించడానికి పదిమందిలో అన్నమాట అది. అటెండరు నోట పడి, పదిహేనేళ్ళలో అసలు పేరును మింగేసింది. హాజరు పుస్తకంలో తప్ప ఆ పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

బావ పని ఎండలో, ఆమె పని నీడలో. ఆయన అరచేతిలో పట్టే జీపీఎస్ పరికరం పట్టుకుని గట్లూ గుట్టలూ తిరిగి, అవసరమైన చోటల్లా నిలబడి ఒక్కో పాయింటు నొక్కుకుని వచ్చేవాడు. సాయంత్రం ఆ పరికరాన్ని ఆమె బల్ల మీద పెట్టి, "ఇదిగో మరదలా, ఇవాళ్టి కాయగూరలు. పుచ్చులేరి వండుకో" అనేవాడు. ఆమె వాటిని కంప్యూటర్లోకి దించేది. తెర మీద చీమలు చెదిరినట్టు చుక్కలు పడేవి. దారితప్పిన చుక్కల్ని తీసేసి, మిగిలినవాటిని గీతలుగా కలిపి, పొర మీద పొర పరిచేది. అడుగున ఉపగ్రహం తీసిన ఫోటో, దాని మీద రోడ్లు, ఆ పైన ఇళ్ళు. చివరికి రంగులు వేసి, మూలన ఉత్తరం బాణం, కింద కొలబద్ద, పక్కన ఏ రంగుకు ఏమర్థమో చెప్పే సూచిక పెట్టి పెద్ద కాగితం మీద ముద్రించేది. తడి ఆరకముందే ఆ కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని చూసుకోవడం ఆమెకు ఇష్టం.

పుచ్చులు ఏరడంలో ఆమె మహా నిక్కచ్చి. అందుకు కారణముంది. ఆరేళ్ళ కిందట ఒక కాలువ సరిహద్దు పనిలో బావ తెచ్చిన పాయింట్లలో కొన్ని సరిగా లేవని తెలిసీ, గడువు ముంచుకొస్తోందని వదిలేసింది. మ్యాపులో కాలువ గట్టు ఎవరిదో గోదాము మధ్యలోంచి పోయింది. కోర్టుకెక్కారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి గనక, పాయింట్లు తెచ్చినవాడని బావను మూడు నెలలు సస్పెండు చేశారు. ఆ మూడు నెలలూ ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. మేడ మీద ఒంటి గదిలో ఉండే ఆమె ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగుతుంటే, "వెళ్ళిరా మరదలా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా దిగేది.

అప్పటినుంచి పది మీటర్లకు మించి తేడా ఉన్న పాయింటును ఆమె తన మ్యాపులోకి రానివ్వలేదు. నిబంధన పుస్తకంలో ఉన్నదీ అదే. జీపీఎస్ ప్రతి పాయింటుతో పాటు ఒక అంకె ఇస్తుంది: ఇక్కడ ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే అంకె. ఆరుబయట అయితే మూడో నాలుగో. చెట్ల కిందా, గోడల పక్కనా, ఆకాశం కనబడని చోటల్లా అది పెరిగిపోతుంది.

ఆ ఏడాది వానలు ముందే మొదలయ్యాయి. ఊరి చివర కొండవాలులో ఒక పేట ఉంది. కింది రోడ్డు నుంచి మెట్లెక్కి పోతుంటే వరుసగా ఐదు వీధులు, ఒకదాని నెత్తిన ఒకటి. వాటిని జనం మొదటి వరుస, రెండో వరుస అంటారు. ఇటుక గోడలు, రేకుల కప్పులు, గడప దాటితే మెట్లే. అయిదో వరుస వెనకాల కొండకు పగుళ్ళు పడ్డాయని కబురొచ్చింది. ఏ ఇళ్ళు ఖాళీ చేయించాలో తేల్చి పన్నెండు రోజుల్లో మ్యాపు కావాలన్నాడు ఇంజనీరు. ఆయన చెడ్డవాడేం కాదు. మాట తూచి మాట్లాడేవాడు, కాగితం చూడనిదే సంతకం పెట్టేవాడు కాదు.

బావ రోజూ కొండెక్కాడు. పగులు వెంట నడిచి, ప్రతి అయిదడుగులకూ నిలబడి పాయింటు నొక్కాడు. భోజనాల దగ్గర ఆ కబుర్లే.

"నాలుగో వరుసలో ఒక టైలరమ్మ ఉంది. నేను ఆ పెట్టె ఆకాశం కేసి పట్టుకుని నిలబడితే, 'ఏం సార్, పైవాడికి ఫోను కలవట్లేదా' అంటుంది."

అక్క పొలమారేలా నవ్వింది. "కలిస్తే ఈయన పెళ్ళాం మొర కూడా కాస్త చెప్పమనాల్సింది."

"అదీ అంది. ఆవిడ మొగుడు లారీ డ్రైవరు. నెలకు పది రోజులు కూడా ఇంట్లో ఉండడట. మంచంలో అత్తగారు. ఆవిణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మిషను తొక్కడం, మళ్ళీ వచ్చి తిప్పడం. ఇంత పనిలోనూ నాకు టీ పెట్టిస్తుంది. పగులు చూసి భయం వేయట్లేదా అంటే, 'భయపడితే జాకెట్లు ఎవరు కుడతారు సార్' అంది."

తొమ్మిదో రోజు సాయంత్రం బావ పరికరం బల్ల మీద పెట్టి కాయగూరల మాట ఎత్తలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా బురద.

"చిన్న చీలిక ఒకటి కిందికి దిగింది మరదలా. నాలుగో వరుస ఇళ్ళ వెనకాల. పైన బండ ముందుకు వచ్చి గొడుగులా ఉంది, దాని చుట్టూ చెట్లు. సిగ్నలు అందలేదు. పదకొండు పాయింట్లు తీశాను, అన్నీ చెడ్డవే."

ఆమె దించి చూసింది. పద్ధెనిమిది, ఇరవై, పంతొమ్మిది, ఇరవై రెండు. తెర మీద ఆ పదకొండు చుక్కలూ గీతలా లేవు. ఎవరో గుప్పెడు విసిరినట్టు ఉన్నాయి.

"ఇవి పనికిరావు బావా."

"పనికిరావని నాకూ తెలుసు. కానీ పగులు ఉంది. నా కాలు పెట్టి చూశాను. చీలమండ దాకా దిగింది."

"కాలు పెట్టిన సంగతి మ్యాపులో ఎలా వేయను?"

"పెద్ద పరికరం ఇప్పించు. స్టాండు మీద పెట్టి గంటసేపు ఉంచితే బండ కిందైనా పడుతుంది."

పెద్ద పరికరం ఒకటే ఉంది. అది మరమ్మతుకు పోయి ఇరవై రోజులైంది. ఆమె రెండు చోట్లకు ఫోను చేసింది. సోమవారానికి వస్తుందన్నారు. మ్యాపు ఇవ్వాల్సింది శుక్రవారం.

"సోమవారం వచ్చాక మళ్ళీ కొలుద్దాం," అంది ఆమె. "వచ్చేవారం సవరించిన మ్యాపు ఇచ్చేద్దాం. అంతవరకూ ఇవి పక్కన పెడతాను."

బావ ఒక నిమిషం తెర వైపు చూశాడు. "నువ్వే చెప్పాలి. నాకు నడవడమే వచ్చు," అని లేచాడు.

ఆమె ఆ పదకొండు చుక్కలకు వేరే పొర చేసింది. 'మళ్ళీ కొలవాలి' అని దానికి పేరు పెట్టింది. పొర పేరు పక్కన చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు తీసేస్తే ఆ పొర కనబడదు. ఆమె టిక్కు తీసేసింది. మిగిలిన పాయింట్లన్నీ కలిపి పగులు గీత గీసి, ఆ గీతకు అటూ ఇటూ యాభై మీటర్ల దాకా ఎరుపు, ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ వేసింది. ఎరుపు అంటే ఖాళీ చేయాలి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి. అయిదో వరుసంతా ఎరుపులో పడింది. తూర్పు వైపు నాలుగు, మూడు వరుసల్లో కొంత భాగం కూడా పడింది. నాలుగో వరుస పడమటి కొస పసుపులో నిలిచింది.

సూచిక సర్దుతుండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ పదకొండు చుక్కల చోట ఒక తెగిన గీత వేసి, 'అనుమానం, నిర్ధారణ కాలేదు' అని రాస్తే? వేసి చూసింది కూడా. సూచికలో ఇంకో వరుస పెరిగి, కింద కొలబద్దకు తగిలింది. అదంతా మళ్ళీ సర్దాలి. పైగా ఇంజనీరు అడుగుతాడు: అనుమానం అంటే ఖాళీ చేయాలా, అక్కర్లేదా? జనానికి ఏం చెప్పాలి? ఆ కాలువ కేసు గుర్తొచ్చింది. వరండాలో కుర్చీ గుర్తొచ్చింది. ఆమె గీత తీసేసింది. శుక్రవారం మధ్యాహ్నం బావ కింద ఎడమవైపు సంతకం పెట్టాడు, ఆమె కుడివైపు పెట్టింది, ఇంజనీరు మధ్యలో పెట్టాడు.

శనివారం పేట దిగువనున్న బడిలో మ్యాపు గోడకు అంటించారు. పక్కన నిలబడి వివరించే పని ఆమెకు పడింది. జనం ఎగబడ్డారు. తమ ఇల్లు వెతుక్కోవడం చాలామందికి రాలేదు. బడి ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఎక్కడ అని మొదలుపెట్టి ఆమె ఒక్కొక్కరినీ వాళ్ళ గడప దాకా తీసుకెళ్ళింది. ఎరుపులో ఉన్నవాళ్ళు కొందరు కేకలేశారు, కొందరు అక్కడే కూలబడ్డారు.

మెడలో టేపుతో ఒక మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చెప్పకపోయినా ఆ మనిషి ఎవరో మ్యాపులమ్మకు తెలిసిపోయింది.

"మాది నాలుగో వరుసండీ, పడమటి కొస. చివరి నుంచి మూడో ఇల్లు."

మ్యాపులమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇదిగో."

"ఇది పసుపు కదా. పసుపంటే?"

"ఖాళీ చేయక్కర్లేదు. వాన ఎక్కువైతే కనిపెట్టుకుని ఉండాలి."

టైలరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య. మిషను కూడా గోనెపట్టాలో కట్టేశానండీ. మా అత్తయ్యను ఎలా దించాలా అని రాత్రంతా కంటిమీద కునుకు లేదు. నలుగురు మోస్తేగానీ దిగదు మనిషి." మ్యాపు దగ్గరగా వంగి, తన ఇంటిని ఇంకోసారి చూసుకుంది. "బాగా వేశారండీ. కుట్టు కుట్టినట్టుంది," అంది.

ఆదివారం, సోమవారం ఎరుపులో ఉన్న నూట అరవై కుటుంబాలను దించారు. సోమవారం పెద్ద పరికరం రాలేదు. మంగళవారం వాన పట్టుకుంది. బుధవారం ఉదయం పదిన్నరకు కొండ జారింది.

ఆఫీసులో ఆ సమయానికి అందరూ బల్లల దగ్గరే ఉన్నారు. అటెండరు ఫోను చెవికి పెట్టుకుని నిలబడిపోయి, "కొండ పడిందట" అన్నాడు. బావ గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తాడు. ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. గంట తర్వాత ఇంజనీరు గదిలోంచి బయటకు వచ్చి అన్నాడు: "అయిదో వరుస మొత్తం పోయింది. ఒక్కరూ లేరు అందులో. అందరినీ దించేశాం కదా." ఆయన కళ్ళు చెమర్చాయి. ఆమె భుజం తట్టాడు. "మీ మ్యాపు వాళ్ళ ప్రాణాలు నిలబెట్టిందమ్మా."

"నాలుగో వరుస?" అంది ఆమె.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. "పడమటి కొస ఏడిళ్ళు. కొండ తిన్నగా రాలేదట. పక్కకు తిరిగిందట."

పద్నాలుగు మంది. రెండు రోజులు తవ్వారు. టైలరమ్మ, అత్తగారు ఒకేచోట దొరికారు. ముసలావిడను లేపబోతుండగా పడిందో, పక్కకు తిప్పుతుండగా పడిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సంగతి బావ చెప్పలేదు. అటెండరు చెప్పాడు.

పత్రికలో మూడో రోజు వార్త వచ్చింది: నూట అరవై కుటుంబాలను కాపాడిన మ్యాపు. కింద ఆమె అసలు పేరు వేశారు. పద్నాలుగు మంది సంగతి లోపలి పేజీలో ఉంది. ఎవరెవరో ఫోను చేసి అభినందించారు. చిన్నప్పటి పంతులమ్మ ఒకావిడ ఎక్కడినుంచో నంబరు సంపాదించి, "నా స్టూడెంటువని గొప్పగా చెప్పుకుంటున్నానే" అంది. ఆమె 'థాంక్యూ టీచర్' అంది. ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆమె ఆ ఫైలు తెరిచింది. 'మళ్ళీ కొలవాలి' పక్కన గడిలో టిక్కు పెట్టింది. పదకొండు చుక్కలూ తెర మీదికి వచ్చాయి. ఒక్కోదాని చుట్టూ దాని తేడా ఎంతో అంత వ్యాసార్థంతో ఒక సున్నా చుట్టింది. ఇరవై రెండు మీటర్లు అటు పోయినా, ఇటు పోయినా పగులు ఆ సున్నాల్లోనే ఎక్కడో ఉంటుంది. ఇక ఆ పగులును ఏ మూలకు నెట్టి చూసినా, అక్కడినుంచి యాభై మీటర్లు కొలిస్తే ఏడిళ్ళూ ఎరుపులోనే పడ్డాయి. ఉత్తరానికి నెట్టింది. దక్షిణానికి నెట్టింది. ఎటు నెట్టినా బయట పడలేదు. ఆ పాయింట్లు ఎంత చెడ్డవైనా ఆ ప్రశ్నకు సరిపోయేంత మంచివే. పగులు కచ్చితంగా ఎక్కడుందో తెలియకపోయినా, ఆ ఇళ్ళు ఖాళీ చేయాలన్నది మాత్రం కచ్చితంగా తెలిసేది. ఈ లెక్కంతా చేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. శుక్రవారం ఆ నాలుగు నిమిషాలూ ఆమె సూచిక సర్దుకుంటూ కూర్చుంది.

నెల తిరక్కుండా విచారణ పెట్టారు. పొడుగాటి బల్లకు అటు ముగ్గురు, ఇటు ఆమె. చివరన రాసుకునే గుమాస్తా.

"పదకొండు పాయింట్లు తీసేశారు, అవునా?" అన్నాడు మధ్యలో ఉన్న పెద్దాయన.

"అవునండీ."

"ఎందుకు?"

"పది మీటర్లకు మించి తేడా ఉంది."

ఆయన నిబంధన పుస్తకం తిప్పి, వేలు పెట్టి చదువుకుని, పక్కవాళ్ళకు చూపించాడు. "నిబంధన ప్రకారమే చేశారు. ఇంకేం లేదు."

"ఉందండీ," అంది ఆమె. "తెగిన గీత వేయొచ్చని నాకు తోచింది. వేశాను కూడా. చోటు చాలక తీసేశాను. తర్వాత లెక్క వేసి చూస్తే, తేడా ఎంతున్నా ఆ ఇళ్ళు ఎరుపులోకే వస్తున్నాయి. ఆ లెక్క ముందే వేయాల్సింది. నాకు వచ్చిన పనే అది."

గుమాస్తా కలం ఆపి పెద్దాయన వైపు చూశాడు.

"అది మేము అడిగినదానికి జవాబు కాదమ్మా," అన్నాడాయన మెత్తగా. "మీరు అలసిపోయారు. రాసుకోవద్దులేవయ్యా."

ఎవరి తప్పూ లేదని తేలింది. ఇంజనీరు ఆ కాగితం స్వయంగా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

బావ అప్పటికే బయటి పని వద్దని అర్జీ పెట్టుకుని, స్టోరు గదికి మారిపోయాడు. కొలత గొలుసులూ టేపులూ లెక్కపెట్టి ఇచ్చి పుచ్చుకునే పని. ఇంట్లో ఆమె మెట్లు దిగేసరికి ఆయన వెళ్ళిపోయి ఉండేవాడు. భోజనం దగ్గర కంచంలోకే చూసేవాడు. ఒకరోజు అక్క గరిటె పక్కన పడేసి ఒంటికాలి మీద లేచింది. "ఇద్దరూ ఇలా శవాల్లా తిరిగితే నేనేమైపోవాలి? ఏదుంటే అది అనుకుని ఏడవండి. వాళ్ళు పోయారు. మీరు చంపారా?" అని, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు.

"నన్ను తిట్టు బావా," అంది ఆమె. "ఒక్కసారి తిట్టు. ఉందని నువ్వు చెప్పావు. కాలు పెట్టానన్నావు. నేను వినలేదు."

బావ కంచంలో చేయి కడిగేసుకున్నాడు.

"ఆ శనివారం నువ్వు బడి దగ్గర ఉన్నావు కదా. నేను పైన ఖాళీ చేసే ఇళ్ళకు గుర్తులు పెడుతున్నాను. టైలరమ్మ బడి నుంచి తిరిగి వస్తూ మెట్ల మీద ఎదురైంది. 'సార్, మా ఇంటి వెనకాల మీరు పగుల్లో కాలు పెట్టడం నేను చూశాను కదా. మరి మాది పసుపులో ఎందుకుంది?' అంది."

ఆమె కంచం పక్కకు జరిపింది.

"నేనేమన్నానో తెలుసా? 'అది మా మరదలు చేసిన మ్యాపమ్మా. దాంట్లో తప్పుండదు' అన్నాను. గొప్పగా అన్నాను. ఆవిడ నవ్వి, అలాగే సార్ అని వెళ్ళిపోయింది." ఆయన లేచి నిలబడ్డాడు. "నా కాలి కంటే నీ కాగితాన్నే నమ్మాను. ఇప్పుడు నిన్నేమని తిట్టను?"

ఆయన వరండాలోకి వెళ్ళాడు. ఆమె కదల్లేదు. అక్క వచ్చి కంచాలు తీసింది. ఎవరేమన్నారని అడగలేదు.

కొండ జారిన చోటు మ్యాపు కావాల్సి వచ్చింది. మట్టి ఎంతవరకు వచ్చింది, ఏ ఇళ్ళు పోయాయి అన్నది రికార్డుకు. కొత్త సర్వేయరు ఇంకా రాలేదు. నేను వెళ్తానంది ఆమె. పదిహేనేళ్ళలో ఆమె పరికరం పట్టుకుని బయటి పనికి వెళ్ళడం అదే మొదలు. మరమ్మతు నుంచి వచ్చిన పెద్ద పరికరాన్ని అటెండరు మెట్ల దాకా మోసి, గుండె బరువెక్కుతోందమ్మా, ఇంకెక్కలేనన్నాడు. ఆమె ఒక్కతే ఎక్కింది.

పైన ఎర్రమట్టి ఒకటే. ఎండకు పైన పెచ్చు కట్టింది, అడుగేస్తే లోపల మెత్తగా దిగుతోంది. ఏ ఇల్లు ఎక్కడుండేదో తెలియడానికి ఏ ఆనవాలూ లేదు. చొక్కా చేతులు మడిచిన ఒకాయన మట్టిలో ఒక కర్రతో అక్కడక్కడా పొడుస్తున్నాడు.

"ఎవరిల్లు వెతుకుతున్నారు?" అంది.

"మాదేనండీ. కుట్టు మిషను ఇంకా దొరకలేదు. ఇనుప సామాను కదా, ఎక్కడో ఉంటుంది."

లారీ డ్రైవరు. కొండ జారిన రోజున ఆయన మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆమె వచ్చిన పని చెప్పింది. ఆయన కర్ర పక్కన పెట్టి, పడిపోకుండా నిలిచిన కరెంటు స్తంభం ఒకటి చూపించాడు. అక్కడినుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. "ఇది పాలవాళ్ళ గడప. ఇది వాళ్ళ అరుగు. ఇక్కడినుంచి సందు." ఆయన నిలబడిన ప్రతిచోటా ఆమె స్టాండు పాతి, అంకె తగ్గేదాకా ఆగింది. నాలుగు మీటర్లు. రెండు. ఒకటి. బండా పోయింది, చెట్లూ పోయాయి. ఆకాశమంతా తెరిచి ఉంది. సిగ్నలు ఇప్పుడు ఇంత బాగా అందుతోంది.

"ఇది మా వాకిలి," అన్నాడాయన అయిదో ఇంటి దగ్గర. పరికరం అంకె తగ్గుతుండగా అటే చూస్తూ, "ఆ మ్యాపు చేసింది మీరేనా?" అన్నాడు.

"నేనే."

ఆయన తలూపాడు. మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ స్తంభం వైపు చూసి, "కానివ్వండి. వాన వచ్చేలా ఉంది," అన్నాడు.

పని అయ్యాక ఆమె పరికరం విప్పుతుంటే దగ్గరికి వచ్చాడు. "దీంట్లో ఇళ్ళు వేస్తారా?"

"వేస్తాను."

"నాకొకటి ఇస్తారా? నేను బడిలోనే ఉంటున్నాను, శిబిరంలో. రేపు ఇదంతా చదును చేసేస్తే మా ఇల్లు ఎక్కడుండేదో నాకే గుర్తుండదు."

ఆమె ఇస్తానంది. వారం రోజులు ఆ మ్యాపు మీదే కూర్చుంది. మట్టి హద్దు, ఏడిళ్ళు, సందు, అరుగు, స్తంభం. ఇళ్ళకు నంబర్లు మాత్రమే వేయాలన్నాడు ఇంజనీరు. రికార్డు కాపీలో అలాగే వేసింది. ఇంకో కాపీలో డ్రైవరు చెప్పిన పేర్లన్నీ రాసింది: పాలవాళ్ళు, మేస్త్రీగారు, టైలరమ్మ.

అది చుట్టి పట్టుకుని బడికి వెళ్ళేసరికి శిబిరం ఎత్తేశారు. గదుల్లో బెంచీలు మళ్ళీ వరుసగా వేసి ఉన్నాయి. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. కాపలావాణ్ణి అడిగితే, "ఆ డ్రైవరా? మొన్ననే లారీ ఎక్కి పోయాడండీ. ఎటు పోయాడో చెప్పలేదు. మళ్ళీ ఈ ఊరు రానన్నాడు," అన్నాడు. ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు.

"మిషను దొరికిందా ఆయనకు?" అని అడిగింది.

"ఏ మిషనండీ?"

ఆమె ఏమీ చెప్పకుండా బస్సెక్కింది. నిలబడే చోటు కూడా లేదు. కాగితం నలగకుండా నెత్తికి పైగా నిలువుగా పట్టుకుంది. పక్కన కూర్చున్న ముసలావిడ, "క్యాలెండరా తల్లీ? ఇలా ఇవ్వు, ఒళ్ళో పెట్టుకుంటా" అని చేయి చాచింది. ఆమె ఇవ్వలేదు. రెండు స్టాపుల తర్వాత చేయి లాగేస్తే ఇంకో చేతికి మార్చుకుంది.

ఇంటికి వచ్చేసరికి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. చుట్టిన కాగితం వైపు చూశాడు. అదేమిటో ఆయనకు తెలుసు. ఎవరికోసమో, ఎందుకు వెనక్కి వచ్చిందో అడగలేదు. ఆమె దారికి అడ్డంగా ఉన్న కాళ్ళు పక్కకు తీసుకున్నాడు. ఆమె చెప్పులు విడిచి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.